పాట ముందు, స్వరం పేరు తరువాత

చిన్నపిల్లలకు సంగీతం నేర్పడమంటే వారి చేతికి ఒక వాద్యాన్ని ఇచ్చి, దాని మీద వేళ్లు ఎక్కడ ఉంచాలో చూపి, కాగితం మీది గుర్తులను ఆ వేళ్లతో జతపరచడమేనన్న అభిప్రాయం యూరప్ మధ్యతరగతి ఇళ్లలో చాలాకాలం బలంగా ఉండేది. ఆ క్రమాన్ని తలకిందులు చేసి, గొంతే మొదటి వాద్యమనీ, ఆటే మొదటి పాఠమనీ, గుర్తులూ పేర్లూ ఆ తరువాతనే రావాలనీ నిర్ణయించి, ఆ నిర్ణయాన్ని దేశమంతటి బడులకు విధానంగా నిలబెట్టినది ఇరవయ్యో శతాబ్దపు హంగరీ. దీనికి మూలపురుషుడు జోల్తాన్ కొడాయ్ (1882–1967). ఆయన స్వరకర్త, జానపద గేయ సేకర్త, హంగేరియన్ జానపద గేయాల చరణ నిర్మాణం మీద 1906లో డాక్టరేటు పొందిన పండితుడు కూడా. ప్రపంచమంతటా ఆయన పేరుతోనే చెలామణి అవుతున్న ఈ పద్ధతికి ఆయన స్వయంగా బోధనా గ్రంథమేదీ రాయలేదు. ఆలోచన ఆయనది, దానిని తరగతి గదికి పనికివచ్చే మెట్లుగా మలచినది ఆయన శిష్యులూ సహచరులూ.

కొడాయ్ తండ్రి రైల్వే ఉద్యోగి కావడంతో కుటుంబం ఊళ్లు మారుతూ ఉండేది, అలా ఆయన బాల్యంలో ఏడేళ్లు గలాంటా అనే చిన్న ఊరిలో, రైతుల పిల్లల మధ్య గడిచాయి. ఇప్పుడు స్లొవేకియాలో ఉన్న ఆ ఊరి పరిసర గ్రామాలకే 1905లో ఆయన పాటల సేకరణకు మొదట వెళ్లారు. ఆ తరువాత బేలా బార్తోక్ ఆయనకు తోడయ్యారు. మైనపు గొట్టాల మీద ధ్వనిని ముద్రించే ఎడిసన్ ఫోనోగ్రాఫును పల్లెలకు మోసుకుపోయి, ముసలివారి చేత పాడించి, విన్నదానిని స్వరలిపిలో రాసుకున్న ఈ ఇద్దరూ 1906లో ఇరవై పాటలతో ఒక చిన్న సంపుటాన్ని కలిసి వెలువరించారు. అప్పటి హంగరీ ఆస్ట్రియా–హంగరీ సామ్రాజ్యంలో భాగం, చదువుకున్న నగరవాసుల సంగీతాభిరుచి వియన్నా వైపే మొగ్గేది, బడిపాటల పుస్తకాల్లో జర్మన్ బాణీలకు హంగేరియన్ మాటలు అతికించినవి కనిపించేవి.

ఆ అతుకు ఎందుకు కుదరలేదో తెలుసుకోవాలంటే ఆ భాష నడకను కొంచెం గమనించాలి. హంగేరియన్‌లో ప్రతి మాటలోనూ ఊనిక మొదటి అక్షరం మీదనే పడుతుంది కనుక, ఆ భాషలోని జానపద గేయాలు తాళపు దెబ్బతోనే మొదలవుతాయి. కర్ణాటక సంగీత పరిభాషలో ఇది సమగ్రహం. జర్మన్ పాటల్లో చాలావాటికి దెబ్బకు ముందే ఒక అక్షరం ఎత్తుకోవడం అలవాటు, అంటే అవి అతీతగ్రహానికి దగ్గరివి. ఆ బాణీలో హంగేరియన్ మాట ఇరికిస్తే ఊనిక ఒకచోట, దెబ్బ ఒకచోట పడి, పిల్లవాడు తన భాషనే తప్పుగా పలకడం నేర్చుకుంటాడు. పాట ద్వారా భాషకూ, భాష ద్వారా పాటకూ ఇలా జరిగే చెరుపును సరిదిద్దాలన్న పట్టుదలలోనే కొడాయ్ బోధనా చింతన మొదలైంది.

1925 నుంచి ఆయన పిల్లల బృందగానానికి ప్రత్యేకంగా కృతులు రాయసాగారు. బడి పాటల నాసితనాన్ని 1929లో ఒక వ్యాసంలో ఎత్తిచూపారు. 1937లో మొదటి భాగం వెలువడిన రెండు గొంతుల అభ్యాస గేయాల సంపుటిని గలాంటాలో తనతో ఆడుకున్న చెప్పుల్లేని చిన్ననాటి నేస్తాలకు అంకితమిచ్చారు. 1941లో శిశుపాఠశాలల్లో సంగీతం గురించి రాసిన వ్యాసం వీటన్నిటికంటే ముఖ్యమైనది. మూడు నుంచి ఏడేళ్ల మధ్య కాలంలో చెవిలో పడినదే మనిషి అభిరుచిని నిర్ణయిస్తుందనీ, ఆ వయసులో జరిగిన నష్టాన్ని తరువాతి చదువు పూడ్చలేదనీ ఆయన అందులో వాదించారు. బిడ్డ ముందు మాట్లాడడం నేర్చుకుని ఆ తరువాతనే అక్షరాలు దిద్దినట్టు, సంగీతంలోనూ ముందు ఒక మాతృభాష ఒంటబట్టాలి, ఆ సంగీత మాతృభాష సొంత నేల జానపద గేయాల్లోనే దొరుకుతుంది. పెద్దలు పనిగట్టుకుని పిల్లల కోసం అల్లే ముద్దుముద్దు పాటల మీద ఆయనకు ఏమాత్రం మోజు లేదు. పిల్లలకిచ్చేది పెద్దలకిచ్చేదానికంటే మేలైనదై ఉండాలన్నది ఆయన నిలకడైన అభిప్రాయం.

ఈ మాటలను శిశుపాఠశాలలో ఆచరణగా మార్చినవారు కతాలిన్ ఫొరాయి (1926–2004). శిశుపాఠశాల పాటల మీద ఆమె పుస్తకం 1951లో వెలువడింది. అదే ఏడు, కొడాయ్–బార్తోక్‌ల సేకరణ కృషికి ఫలంగా హంగేరియన్ జానపద సంగీత భాండాగారపు మొదటి సంపుటం కూడా వచ్చింది. అది పూర్తిగా పిల్లల ఆటలదే కావడం విశేషం. వెయ్యికి పైగా బాణీలు స్వరలిపితోనూ ఆడే తీరుతోనూ అందులో చేరాయి. పెళ్లిపాటలనూ శోకగేయాలనూ తరువాతి సంపుటాలకు ఉంచి, పండితులు చాలాచోట్ల పట్టించుకోని పిల్లల ఆటపాటలకు మొదటి స్థానం ఇవ్వడంలోనే ఆ బృందం దృష్టి ఎటు ఉందో తెలుస్తుంది. గురువు చేతికి ముందు పాటల నిధి అందింది, బోధనా క్రమాన్ని ఆ నిధిలోంచి ఏరి కూర్చారు.

శిశుపాఠశాలలో పాఠమని పేరుపెట్టి చెప్పేదేమీ ఉండదు. పిల్లలు చేయి చేయి పట్టుకుని వలయంగా నడుస్తూ పాడతారు, నడకలో పడే ప్రతి అడుగూ లయ, అంటే పాట అడుగున సమంగా కొట్టుకునే నాడి. అదే పాటకు మాటల్లోని అక్షరాల వెంట చప్పట్లు కొడితే వచ్చేది లయ కాదు, గతి, అంటే పొడుగు పొట్టి అక్షరాల అల్లిక. ఈ రెంటికీ గల భేదం పెద్దవారికి సైతం మాటల్లో చెబితే తికమకగానే ఉంటుంది, కాని పాదాలు ఒకటి చేస్తూ చేతులు ఇంకొకటి చేసే ఆటలో అయిదేళ్ల పిల్లకు శరీరానికే తెలిసిపోతుంది. ఇద్దరు పిల్లలు చేతులెత్తి ద్వారంలా నిలబడగా మిగిలినవారు వరుసకట్టి దాని కిందుగా పాడుతూ సాగిపోయే ఆటలో, పాట చివరి అక్షరం దగ్గర ద్వారం మూసుకుని ఒకరు చిక్కుతారు. చిక్కకుండా ఉండాలంటే పాట ఎక్కడ ముగుస్తుందో ముందే పసిగట్టాలి కనుక, చరణాల పొడవూ ముగింపూ అన్నవి ఎవరూ చెప్పకుండానే పట్టుబడతాయి. ఒక వస్తువును దాచి, వెతికేవాడు దానికి దగ్గరైనకొద్దీ గొంతు పెంచుతూ, దూరమైనకొద్దీ తగ్గిస్తూ అందరూ పాడితే అది నాదబలానికి పాఠం. కళ్లు మూసుకున్నవాడు పాడినవారెవరో గొంతును బట్టి పోల్చుకుంటే అది నాదగుణానికి పాఠం.

వీటన్నిటిలో కొడాయ్ అనుయాయులు అమూల్యంగా ఎంచేది మౌనపు ఆట. పాట నడుస్తుండగా గురువు చేత్తో సైగ చేస్తే పిల్లలు గొంతు ఆపి, పాటను మనసులోనే కొనసాగించి, మరొక సైగకు సరిగ్గా రావలసిన అక్షరం దగ్గర మళ్లీ అందుకుంటారు. బయటి శబ్దం లేకుండా సంగీతాన్ని లోపల వినగల ఈ శక్తిని అంతఃశ్రవణం అనవచ్చు. రాసి ఉన్న స్వరాలను చూడగానే అవి చెవిలో మోగడం, పాడబోయే స్వరాన్ని పాడకముందే వినడం ఈ శక్తి మీదనే ఆధారపడతాయి. ముందే వాద్యం చేతికొచ్చిన పిల్లవాడికి మీట నొక్కితే స్వరం దానంతట అదే పలుకుతుంది కాబట్టి, దానిని లోపల ఊహించుకోవలసిన అవసరం కలగదు. గానం ముందు, వాద్యం తరువాత అనడానికి కొడాయ్ చూపిన కారణాల్లో బలమైనది ఇదే. గొంతు అందరికీ ఉంటుంది, దానికి ఖర్చు లేదు అన్నది రెండో కారణం. యుద్ధంలో చితికిన దేశానికి ఆ కారణమూ చిన్నదేమీ కాదు.

పాడించడంలో గురువు పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. చిన్నపిల్లల గొంతుకు హాయిగా అందే విస్తీర్ణం దాదాపు ఆరు స్వరాలు, తెలుగు గాయకుల లెక్కలో రెండో శ్రుతి దగ్గర మొదలై పైకి సాగేది. పెద్దలు తమ గొంతుకు వీలుగా పాటను కింది శ్రుతిలో ఎత్తుకుంటే పిల్లలు గొణగడమో అరవడమో చేస్తారు, ఆ తరువాత ఆ బిడ్డకు శ్రుతిజ్ఞానం లేదన్న నింద పడుతుంది. నింద పడవలసింది శ్రుతి ఎంచినవారి మీద. పాటకు పియానో తోడును కూడా ఈ పద్ధతి శిశుపాఠశాలలో కోరదు, గురువు గొంతే నమూనా.

ఏ స్వరాలతో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు కూడా ఆటపాటల్లోనే సమాధానం వెతికారు. పాశ్చాత్యుల ఏడు స్వరాల పేర్లు డో, రే, మీ, ఫా, సో, లా, తీ. వీటిలో సో నుంచి మీకి దిగే అంతరం హంగేరియన్ పిల్లల పిలుపుల్లోనూ వెక్కిరింతల్లోనూ ఆటపాటల్లోనూ పదేపదే వినిపిస్తుంది కనుక ఆ రెండే మొదటి స్వరాలు, లా మూడోది, డో, రేలు ఆ తరువాతివి. అర్ధస్వరాంతరాలు, అంటే పక్కపక్కనే ఆనుకుని ఉండే మెట్లు పసిగొంతుకు కష్టమన్న కారణంతో ఫా, తీలను చివరకు ఉంచారు. ఫా, తీ లేని ఈ అయిదు స్వరాల వరుస తెలుగువారికి మోహన రాగంగా పరిచితమే. అదే వరుసలో లాను ఆధారంగా పెట్టుకుంటే, కర్ణాటక విద్వాంసులు గ్రహభేదం అనే ప్రక్రియతో శుద్ధ ధన్యాసి ఏర్పడుతుంది, ప్రాచీన హంగేరియన్ గేయాల్లో చాలావాటి స్వరసముదాయం సరిగ్గా ఇదే. కర్ణాటక శిక్షణలో సరళీ వరుసలు మాయామాళవగౌళలో, అంటే అర్ధస్వరాంతరాలు దండిగా ఉన్న ఏడు స్వరాల మేళంలో మొదలవుతాయన్నది ఇక్కడ గుర్తుకురాక మానదు. అయితే ఆ శిక్షణ లక్ష్యం రాగవిద్యకు గొంతును సిద్ధం చేయడం, కొడాయ్ ఉద్దేశించినది బడికొచ్చే ప్రతి బిడ్డనూ పాడగలవాడిగా, చదవగలవాడిగా చేయడం. రెంటినీ ఒకే తూకంలో వేయడం న్యాయం కాదు.

స్వరాలకు పేర్లు పెట్టే ఉపాయం హంగరీది కాదు. పదకొండో శతాబ్దంలో ఇటలీకి చెందిన సన్యాసి గ్విదో మొదలుపెట్టిన అక్షర సంకేతాలను, పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులోని నారిచ్‌లో సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయిని పిల్లలకు వీలుగా సవరించగా, జాన్ కర్వెన్ అనే మతబోధకుడు ఆమె పద్ధతిని విస్తరించి, ఒక్కో స్వరానికి ఒక్కో చేతి ముద్రను 1870 ప్రాంతంలో జోడించాడు. డోకు బిగించిన పిడికిలి, మీకి నేలకు సమాంతరంగా చాచిన అరచెయ్యి, తీకి పైకి చూపే వేలు అన్నవి వాటిలో కొన్ని. చెయ్యి నడుము ఎత్తున డోతో మొదలై స్వరం పెరిగినకొద్దీ పైకి లేస్తుంది కాబట్టి, చెవికి మాత్రమే తెలిసే ఎత్తుపల్లాలు కంటికీ కండరానికీ కూడా తెలుస్తాయి. 1927 నుంచి ఇంగ్లండుకు రాకపోకలు సాగించిన కొడాయ్ అక్కడి బృందగాన సంప్రదాయాన్ని చూసి ఈ ఉపాయాన్ని స్వీకరించారు, 1944లో యెనొ ఆదామ్ రాసిన బోధనా గ్రంథం దానిని హంగేరియన్ బడికి అమర్చింది. ఇందులో డో ఏదో ఒక నిర్ణీత స్థాయికి కట్టుబడి ఉండదు, పాట ఏ శ్రుతిలో ఎత్తుకుంటే అక్కడికి కదులుతుంది. షడ్జాన్ని ఎవరి శ్రుతిలో వారు నిలుపుకునే భారతీయులకు ఇది చెప్పకుండానే తెలిసే విషయం. తేడా ఒక్కటే, సా ఎప్పుడూ ఆధారస్వరమే, డో అలా కాదు, లాలో ముగిసే పాటకు ఆధారం లానే.

గతికి కూడా పేర్లున్నాయి. ఫ్రాన్సులో ఎమిల్ షెవే ప్రచారంలోకి తెచ్చిన పలుకుల ఆధారంగా, ఒక దెబ్బ కాలమంతా నిలిచే అక్షరాన్ని 'తా' అనీ, అదే కాలంలో ఇమిడే రెండు పొట్టి అక్షరాలను 'తి-తి' అనీ పలికిస్తారు. ఒక గురువు రెండు లఘువులకు సమానమని పద్యానికి గణాలు కట్టిన తెలుగు విద్యార్థికి ఈ లెక్క వేరే నేర్పనక్కరలేదు. రాతలోనూ మొదట అయిదు గీతల స్వరపత్రం ఉండదు. తా ఒక నిలువు గీత, తి-తి పైన అడ్డుగీతతో కలిపిన రెండు నిలువు గీతలు. అగ్గిపుల్లలను నేల మీద పేర్చి కూడా పిల్లలు ఒక పాటను రాయగలరు, చదవగలరు.

ఈ పద్ధతి కీలకం నిజానికి ముద్రల్లోనూ గీతల్లోనూ లేదు, అవి వచ్చే వేళలో ఉంది. ఒక కొత్త అంశం, ఉదాహరణకు తి-తి, ఉన్న పాటలను పిల్లలు నెలల తరబడి ఆటగా పాడుతూ వస్తారు, దాని పేరు ఎవరూ ఎత్తరు. ఆ పాటలన్నీ నోటికి వచ్చాక ఒకనాడు గురువు వాటిలో ఒకదానిని ఎంచుకుని, అడుగులు వేయిస్తూ, చప్పట్లు కొట్టిస్తూ, ఏ అడుగు మీద రెండు అక్షరాలు పడుతున్నాయో వారి చేతనే కనిపెట్టిస్తారు. కనిపెట్టిన తరువాతనే దానికి పేరు, పేరు తరువాత గుర్తు, ఆ గుర్తును తెలిసిన పాటల్లో గుర్తించడం, తెలియని పాటల్లో చదవడం, చివరకు సొంతంగా కూర్చడం. ఇంత ఓపిక ఉన్న గురువు దొరకనిచోట పద్ధతి ముద్రల కవాతుగా దిగజారడం చాలా దేశాల్లో జరిగింది, గోడకు ముద్రల బొమ్మలు తగిలించి పాటలు లేకుండా స్వరాలను వల్లెవేయించే తరగతిలో కొడాయ్ పేరు తప్ప మరేమీ మిగలదు.

కొడాయ్ జన్మస్థలమైన కెచ్‌కెమేట్ పట్టణంలో 1950లో మార్తా నెమెష్‌సెగి నాయకత్వాన మొదటి సంగీత ప్రాథమిక పాఠశాల ఏర్పడింది, అక్కడ మిగిలిన పాఠాలతో పాటు రోజూ గానం ఉండేది. 1960ల నాటికి అలాంటి బడులు దేశంలో వందకు మించాయి. కమ్యూనిస్టు ప్రభుత్వం దీనికి అండగా నిలిచిందంటే, బృందగానం సామూహిక జీవనానికి పనికివస్తుందన్న లెక్క కూడా అందులో ఉండే ఉంటుంది, పార్టీ మనిషి కాని కొడాయ్ ఆ ఆసరాను తన పనికి వాడుకున్నారనుకోవడమే సబబు. 1964లో సంగీత విద్య మీద అంతర్జాతీయ సమావేశం బుడాపెస్ట్‌లో జరిగి, వచ్చిన విదేశీయులు ఈ తరగతులను కళ్లారా చూశాక పద్ధతి ఖ్యాతి పొలిమేరలు దాటింది. 1975లో కెచ్‌కెమేట్‌లో కొడాయ్ పేరిట శిక్షణ సంస్థ వెలిసింది. జానపద సంగీత వారసత్వాన్ని బడి ద్వారా కాపాడిన మంచి ఆచరణగా 2016లో యునెస్కో దీనిని తన జాబితాలో చేర్చింది.

స్విట్జర్లండులో ఎమిల్ జాక్ దాల్‌క్రోజ్ శరీర చలనం నుంచీ, జర్మనీలో కార్ల్ ఓర్ఫ్ తాళవాద్యాలూ ఆశుకల్పనా నుంచీ పిల్లల సంగీతాన్ని మొదలుపెట్టారు, వారి మార్గాలకూ ఎందరో అనుయాయులున్నారు. కొడాయ్ మార్గం వాటికంటే క్రమబద్ధమైనది, అందుకే కొంత బిగువైనది కూడా. ఆశుకల్పనకు అందులో చోటు తక్కువన్న విమర్శలో నిజం ఉంది. సో–మీ అంతరం ప్రపంచంలోని పిల్లలందరికీ సహజమన్న మాటను పండితులందరూ ఒప్పుకోరు. పాట నేర్చిన పిల్లలు లెక్కల్లోనూ రాణిస్తారన్న ప్రచారం ఈ పద్ధతి వెంట మొదటినుంచీ ఉంది గాని, సంగీతానికి లెక్కల సిఫారసు అవసరమనుకోవడమే చిన్నతనం. తన కాలపు నగర వినోదగీతాల పట్ల కొడాయ్ చూపిన నిరసన నేటివారికి కాస్త కరుకుగా తోచవచ్చు.

ఇతర దేశాలవారికి దీనిలో అరువుకు దొరకనిది పాటల నిధి. జపానులో కొడాయ్ బాట పట్టినవారు హంగేరియన్ పాటలను అనువదించుకుని ఊరుకోలేదు, తమ పిల్లల సంప్రదాయ ఆటపాటలైన వరబే-ఉతాల వైపు తిరిగారు. అమెరికాలోనూ సొంత పాటలను వెతికి, వాటికి తగినట్టు స్వరాల వరుసనూ గతుల వరుసనూ కూర్చుకోవలసి వచ్చింది. ఎదురెదురుగా నిలిచి చేతులు తట్టుకునే చెమ్మచెక్క, చేతులు పట్టి గిరగిర తిరిగే ఒప్పులకుప్ప, పూల చుట్టూ వలయంగా అడుగులేస్తూ చప్పట్లతో సాగే బతుకమ్మ పాటలు ఉన్న తెలుగు నేలకు ముడిసరుకు కొరత లేదు. మద్రాసు రేడియోలోనూ ఆ తరువాత హైదరాబాదులోనూ న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లల ఆటపాటలకు తెచ్చిన గౌరవమూ చరిత్రలో ఉంది. కొరత ఉన్నది స్వరలిపిలోనే. నేదునూరి గంగాధరం, బిరుదురాజు రామరాజు వంటివారు చేసిన విలువైన గేయ సేకరణ ప్రధానంగా సాహిత్య దృష్టితో సాగింది, మాటలు అచ్చుకెక్కినంతగా బాణీలు ఎక్కలేదు. అంకెలూ జంతువుల పేర్లూ చెప్పడానికి అంగన్‌వాడీల్లో అభినయ గేయాలు పాడిస్తున్నా, అక్కడా పాట మాటలకు వాహకంగానే ఉంది గాని సంగీతంగా ఎవరి లెక్కలోకీ రావడం లేదు. రెండు రాష్ట్రాల సంగీత కళాశాలలు తమ విద్యార్థుల్లో ఒక్కొక్కరి చేత సొంత ఊరి పిల్లల ఆటపాటలను కొన్నింటిని స్వరం, తాళం, ఆడే తీరుతో సహా రాయించి, ఏ స్వరాలతో ఏ పాట ఉందో వరుసగా కూర్చి, ఆ పుస్తకాన్ని శిశుతరగతుల ఉపాధ్యాయుల చేతికి అందించాలి. బాణీ తెలిసిన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉన్నప్పుడే ఈ పని జరగాలి.